ఎత్తు బెల్లం

తడి పంచె తొడలకు అతుక్కుపోయింది. లాగి వదిలితే ఒక్క క్షణం ఎడంగా నిలిచి మళ్ళీ వచ్చి అతుక్కుంటోంది. ఉత్తరీయం సంగతి ఇంకా అన్యాయం, ఎడమ రొమ్ము కప్పితే కుడి రొమ్ము బయటపడుతుంది, రెండూ కలిపి చుట్టుకుంటే పొట్ట బయటపడుతుంది, ఈ ఉత్తరీయాలు నేసేవాళ్ళు మగవాడి కొలత ఎవరిని చూసి తీసుకున్నారో గానీ తనను చూసి మాత్రం కాదు. కిరణ్‌కుమార్ గుడి మండపంలో చివరి స్తంభం వెనక ముడుచుకుని కూర్చున్నాడు. రాతిస్తంభం లావుగానే ఉంది, అయినా తనను పూర్తిగా దాచడం లేదు, అటు నుంచి చూసేవాళ్ళకు ఒక భుజమో ఒక మోకాలో కనిపిస్తూనే ఉంటుంది. లోపల నరసింహస్వామికి అభిషేకం జరుగుతోంది. అది ముగిసి హారతి అయ్యాక పూజారి బయటికొచ్చి తన పేరు పిలుస్తాడు. అప్పుడు లేచి వెళ్ళి, అందరూ చూస్తుండగా, మండపం మధ్య దూలానికి వేలాడుతున్న ఆ పెద్ద తక్కెడలో ఒక తట్టలో కూర్చోవాలి. రెండో తట్టలో బెల్లం పెడతారు, తన కాళ్ళు నేల విడిచేదాకా పెడుతూ పోతారు. ఆ తర్వాత మైకులో చెబుతారు, కోడుమూరు పెద్దసుబ్బయ్య గారి కుమారుడు కిరణ్‌కుమార్, ఎత్తు బెల్లం ఇన్ని కేజీలు అని. మైకు గొట్టాలు గుట్ట మీది నుంచి కిందికి, ఊరి వైపు తిప్పి కట్టి ఉన్నాయి. ఊరికి వినిపించడం ఒక ఎత్తు, కమలాపురం నుంచి శ్రీవాసవి వాళ్ళు వస్తున్నారు, పెళ్ళి ఇంకా పదిహేను రోజులు కూడా లేదు, ఆ పిల్ల ఇక్కడే, ఈ మండపంలోనే నిలబడి ఆ అంకె వింటుంది.

తక్కెడ పక్కన పెట్టిన గోనెసంచి వైపు చూడకూడదు అనుకున్నాడు. చూశాడు. మూతి దగ్గర ఎర్ర పురికొసతో వేసిన కుట్టు తనదే, చిన్నప్పటి నుంచి అంగట్లో కూర్చుని దబ్బనంతో సంచులు కుట్టిన చెయ్యి, కుట్టు మీద కుట్టు పడకుండా ఎంత చక్కగా వచ్చిందో. చెయ్యకూడని పని చేసేటప్పుడు కూడా చేతికి నేర్చిన పనితనం పోదు. సంచిలో యాభై కేజీల బెల్లం అచ్చులు ఉన్నాయని అందరికీ తెలుసు. అడుగున పాతబట్టలో చుట్టి పెట్టిన ఇరవై కేజీల ఇనుప తూకంరాయి ఉందని తనకొక్కడికే తెలుసు. నిన్న మధ్యాహ్నం నాయన అన్నం తిని కునుకు తీస్తుండగా గోదాములో పెట్టాడు. ఆ ఇరవై కేజీలూ బెల్లం లెక్కలోకి రావు, తన లెక్కలో నుంచి పోతాయి. మైకులో వచ్చే అంకె క్వింటాలు, అంటే వంద కేజీలు, లోపలే ఉంటుంది. అంతే తను కోరుకున్నది. సన్నగా కనిపించాలని కాదు, అంత ఆశ ఎప్పుడో పోయింది, క్వింటాలు అనే మాట తన పేరు పక్కన వినపడకూడదు.

బియ్యం మూట క్వింటాలు, శనగల మూట క్వింటాలు, హైస్కూల్లో తన పేరు క్వింటాలు. అప్పటికి తను అందులో సగం కూడా ఉండడు, అయినా అంగడి శెట్టి కొడుకని ఆ పేరు పెట్టారు, పెట్టిన పేరుకు సరిపడేదాకా ఒళ్ళు ఊరుకోలేదు. హంద్రి ఏట్లో నీళ్ళు వచ్చిన రోజుల్లో పిల్లలంతా చెడ్డీలతో దూకితే తను చొక్కాతో దిగేవాడు, జలుబు చేస్తుందని మా అమ్మ తిడుతుంది అని చెప్పేవాడు, తడిసిన చొక్కా అన్నిటికంటే ఎక్కువ చూపిస్తుందని గట్టెక్కాక తెలిసేది. దర్జీ మస్తాన్‌సాబు టేపు చుట్టి కొలతలన్నీ లోపల మిషను మీదున్న తమ్ముడికి కేక వేసి చెప్పేవాడు, ఛాతీ ఇంత, కమర్ ఇంత. కమర్, అదే నడుము, చెప్పినప్పుడు లోపల మిషను ఆగేది. ఇంకోసారి చెప్పు భాయ్, అనేవాడు తమ్ముడు. పాపం, వాళ్ళు ఎగతాళికి అనలేదేమో, నిజంగానే వినపడలేదేమో, ఆ దారిన పోయే ఇద్దరాడవాళ్ళు తిరిగి చూశారని తనకెందుకు ఇంకా గుర్తుందో. ఆ తర్వాత ఎప్పుడూ ఒంటికి టేపు పెట్టనివ్వలేదు, పాత చొక్కా ఒకటి ఆది కింద ఇచ్చి, దీనికంటే కొంచెం వదులు పెట్టు సాబూ, అని వచ్చేసేవాడు. ఇన్నేళ్ళుగా ఆదికి ఆది, వదులుకు వదులు. కర్నూలు బస్టాండులో రంగు బల్బులు తిరిగే బరువు మిషను ఉండేది, రూపాయి వేస్తే బరువుతో పాటు జాతకం అచ్చయిన చీటీ వచ్చేది. ఒకసారి ఎవరూ లేనప్పుడు ఎక్కాడు. బరువు ఉన్నవైపు చూడకుండా వేలితో మూసి జాతకం చదివాడు, మీ సుగుణములచే అందరినీ ఆకర్షింతురు అని ఉంది. చింపి పారేశాడు. ఈ మధ్య సినిమా హాలు గోడల మీద హీరోలంతా చొక్కాలు విప్పేశారు, పొట్ట మీద ఇటుకలు పేర్చినట్టు కండలు, వాటి కిందుగా సైకిలు మీద పోతుంటే ఎండలో కూడా చలి వేసినట్టు ఉంటుంది.

అసలు ఈ మొక్కు మొక్కింది తను పిడికెడు ఉన్నప్పుడు. అమ్మ రాజ్యలక్ష్మమ్మ ఆ కథ చెప్పని పండగ లేదు, చెప్పని చుట్టం లేడు. నెలలు నిండకుండా పుట్టాడట, పాలు పట్టుకునేవాడు కాదట, అంగట్లో బెల్లం తూచే చిన్న తక్కెడలో పాతగుడ్డ వేసి పడుకోబెట్టి నాయన తూచితే రెండు కేజీల రాయి కూడా లేవలేదట. ఆ మాట దగ్గర అమ్మ ఎప్పుడూ ఆగుతుంది, చేత్తో గాలిలో తట్ట ఎంత పైకి పోయిందో చూపిస్తుంది. గుట్ట మీది స్వామికి దండం పెట్టి, నా బిడ్డ నిలిస్తే ఎత్తు బెల్లం ఇస్తాను సామీ అన్నదట. బిడ్డ నిలిచాడు. అయిదో ఏట ఇద్దామనుకుంటే ఆ యేడు బెల్లం ధర కొండెక్కింది, వచ్చే యేడు దిగుతుంది ఆగుదాం అన్నాడు నాయన. బెల్లం ధర దిగింది, పిల్లాడి బరువు పెరిగింది. ఇంకో యేడు కరువు, ఇంకో యేడు ఇంట్లో మైల. కొనేటప్పుడు ఆగితే లాభం అని నమ్మే వ్యాపారస్తుడు తప్ప పెరిగే పిల్లాడి బరువు మీద బేరం ఎవరు చేస్తారు. పదమూడేళ్ళు వచ్చాక నాయన ఒప్పుకున్నాడు గానీ తనే ఒప్పుకోలేదు, పరీక్షలన్నాడు, జ్వరమన్నాడు, ఒకసారి ఏకంగా ఆదోనిలో మామ ఇంటికి పారిపోయాడు. ఈ మధ్యలో అమ్మ మాత్రం ఒక్క పూట మానలేదు. నెయ్యి, బెల్లం కలిపి ముద్ద చేసి, ఇంకొక్కటి నాయనా, ఇదొక్కటి, అని నోట్లో పెట్టేది. తన ఒంటి మీద ఉన్నదంతా ఆమె భయమే. గాలిలోకి లేచిన ఆ చిన్న తట్టను ఆమె ఇన్నేళ్ళుగా ముద్ద ముద్దగా కిందికి దించుతూ వచ్చింది. ఆ సంగతి తెలియక కాదు. తెలిసినా చొక్కా విప్పడానికి అది పనికి రాలేదు.

కింద ఆటో శబ్దం. స్తంభం పక్క నుంచి తొంగి చూశాడు. వాళ్ళు కాదు, ఎవరో కోడిపిల్లలను అమ్మేవాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, మూడు రోజులుగా సరిగా తినలేదు, కడుపులో గుయ్యిమని శబ్దం వస్తోంది, అది కూడా మైకులో పడుతుందేమో అన్నట్టు పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కాడు. నంద్యాల సంబంధం వాళ్ళు కబురు పంపారు, అబ్బాయి బంగారం, కానీ మా పాప పక్కన నిలబడితే తండ్రీ కూతుళ్ళలాగా ఉంటారు అని. ఆదోని వాళ్ళు కబురు కూడా పంపలేదు. కమలాపురంలో పెళ్ళిచూపులకు పోయినప్పుడు సోఫాలో కూర్చోగానే దిండు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, టిఫిను ప్లేటు వస్తే ప్లేటు అడ్డం పెట్టుకున్నాడు, పిల్ల తలెత్తి చూసిందో లేదో కూడా తను తలెత్తి చూడలేదు. కాసేపు మాట్లాడుకోండి అని మేడ మీదికి పంపారు. అక్కడ దిండు లేదు. శ్రీవాసవి పిట్టగోడ దగ్గర నిలబడి, మీ అంగట్లో చింతపండు గింజ తీసి అమ్ముతారా, గింజతోనే అమ్ముతారా అని అడిగింది. చదువు అడుగుతుందని, జీతం లేదు కాబట్టి వ్యాపారం అడుగుతుందని జవాబులు తయారుగా పెట్టుకున్నవాడు తడబడ్డాడు. రెండు రకాలూ ఉంటాయి, గింజతో ఉన్నది కొన్నవాళ్ళు తూకంలో మోసం అంటారు, గింజ తీసింది కొన్నవాళ్ళు ధరలో మోసం అంటారు అన్నాడు. ఆమె నవ్వింది, వాళ్ళ నాయనకూ అదే అంగడి, అదే తిట్లు. తనూ నవ్వాడు. మెట్లు దిగుతున్నప్పుడు గానీ గుర్తు రాలేదు, నవ్వుతున్నంతసేపూ చేతులు పొట్ట మీద పెట్టుకోలేదని. ఆ కాసేపే తన బతుకులో ఒళ్ళు లేని కాసేపు. నిన్న సెల్‌ఫోన్లో మాట్లాడుతూ, ఎత్తు బెల్లం నేనెప్పుడూ చూడలేదు, మేమూ వస్తాం అన్నది. రావద్దని ఎలా చెప్పాలి. ఫోను పెట్టేసి గోదాములోకి పోయాడు. నాయన రోజూ పొద్దున్నే తక్కెడకూ తూకంరాళ్ళకూ కుంకుమ పెట్టి, ముట్టుకున్న చేతిని కళ్ళకద్దుకుంటాడు. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో తూకం సరిపోయాక పైన ఇంత కొసరు వేయకుండా ఒక్క పొట్లం కట్టలేదు, కొసరు లేని తూకం చావు తూకం అంటాడు. ఆ మనిషి రాయినే ఎత్తి, బట్టలో చుట్టి, దొంగలాగా సంచిలో పెట్టాడు.

ఈసారి ఆటో వాళ్ళదే. చీరల చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు, అమ్మ ఎదురుపోయి, రండి వదినా, ఎండ శానా ఉండాది, మజ్జిగ తాగుతారా అంటున్న గొంతు. స్తంభం వెనక ఇంకా కొంచెం ముడుచుకున్నాడు. కళ్ళెత్తితే ముందు ఆకుపచ్చ చీర అంచు కనిపించింది, అంతకంటే పైకి చూడలేదు. బాబాయి కొడుకు ప్రదీప్‌కుమార్ వచ్చి పక్కన కూర్చున్నాడు. కర్నూల్లో జిమ్ముకు పోతాడు, ఉత్తరీయం మడిచి నడుముకు కట్టుకున్నాడు, కప్పుకోవలసిన అవసరం వాడికి లేదు. తక్కెడ గొలుసులు చూసుకున్నావా అన్నా, తుప్పు పట్టినాయి, అన్నాడు నవ్వుతూ. తనూ నవ్వాడు. ఇలాంటి వాటికి అందరికంటే ముందు తనే నవ్వడం చిన్నప్పుడే నేర్చుకున్నాడు, ముందుగా నవ్వితే రెండో మాట రాదు.

గంట మోగింది. హారతి కళ్ళకద్దుకుని పూజారి బయటికొచ్చి పేరు పిలిచాడు. లేచాడు. స్తంభం నుంచి తక్కెడకు ఉన్న దూరం చిన్నప్పుడు బళ్ళో బోర్డు దగ్గరికి నడిచిన దూరం లాగే ఉంది. తట్టలో కూర్చుంటే గొలుసులు కిర్రుమన్నాయి, ఎవరో పిల్ల కిసుక్కుమంది, వాళ్ళమ్మ తొడ గిల్లినట్టుంది. ముందు సంచి పెట్టాలి. అంగడి హమాలీ బొజ్జన్న వంగబోతే ప్రదీప్ అడ్డుకుని, నేనెత్తుతా పెద్దాయనా, నువ్వు పక్కకుండు అన్నాడు. ఆడపిల్లలున్నారని ఒంటి చేత్తో పట్టాడు. సంచి కదల్లేదు. రెండు చేతులు వేశాడు, మెడ నరాలు లేచాయి, మోకాళ్ళు వణికాయి, ఎత్తినదాన్ని సగంలో దింపేశాడు.

"ఏమప్పా, యాభై కేజీలకే ఊపిరాడలేదా?" అన్నాడు బొజ్జన్న. "జిమ్ములో ఇనుమెత్తేది వేరు, అంగట్లో మూటెత్తేది వేరు."

మండపమంతా నవ్వింది. ప్రదీప్ కూడా నవ్వాడు, అందరికంటే ముందు, గట్టిగా. నడుముకు కట్టిన ఉత్తరీయాన్ని విప్పి భుజాల మీదుగా కప్పుకున్నాడు. ఆ చెయ్యి ఆ గుడ్డను లాక్కున్న తీరు కిరణ్‌కుమార్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అద్దంలో రోజూ చూసే తన ముఖం వాడి ముఖం మీద ఉంది. వాడికి ఆ ముఖం తొడిగింది తను. సిగ్గు ఎవరికీ పంచలేనిది అనుకున్నాడు ఇన్నాళ్ళూ, ఇంత సులువుగా ఇంకొకడి మీద పెట్టెయ్యవచ్చు అన్నమాట, సంచిలో రాయి పెట్టినంత సులువుగా.

ఇద్దరు పట్టి సంచి పెట్టారు. దాని మీద అచ్చులు పేరుస్తున్నారు, నాయన ఒక్కొక్కటి అందిస్తూ పైకి లెక్క చెబుతున్నాడు. ఇంకా శానా పడతాయిలే అనుకుంటూ అందరూ నింపాదిగా ఉండగానే తన తట్ట కదిలింది. పాదాల కింద నేల మెత్తబడ్డట్టయింది, వేళ్ళ కొనలు మాత్రమే ఆనుతున్నాయి. అప్పుడే లేస్తాండాదే, అన్నారెవరో. ఇంకొక్క అచ్చు పెడితే అయిపోతుంది. క్వింటాలు లోపలే. అనుకున్నది అనుకున్నట్టే అయింది, సంతోషం ఎక్కడా దొరకలేదు. నాయన చేతిలో అచ్చు పట్టుకుని ఆగిపోయాడు. ఆయన తన వైపు చూడటం లేదు, తక్కెడ ముల్లు వైపు చూస్తున్నాడు, ఆ చూపు తను అంగట్లో వెయ్యిసార్లు చూశాడు. మూటను చూసి బరువు చెప్పే మనిషి, కన్నకొడుకు బరువు తెలియదా. సామీ, తక్కెడలో ఏదో దోషం ఉన్నట్టుండాది, అన్నాడు మెల్లగా. పూజారి ముఖం ముడుచుకుంది, మా తాతల నాటి తక్కెడ, స్వామి తక్కెడ, దాంట్లో దోషమేముంటాది అన్నాడు.

అమ్మ ముందుకొచ్చింది. ఆమె ముల్లును చూడలేదు, గాలిలోకి లేస్తున్న తట్టను చూసింది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే పైకి లేచింది, కథ చెప్పేటప్పుడు చూపించే ఎత్తులోనే ఆగింది.

"నా బిడ్డ చిక్కిపోయినాడు," అంది. "మూడు దినాల నుంచి కంచంలో అన్నం కంచంలోనే విడుస్తాండాడు. ఏం రోగమొచ్చిందో చెప్పడం లేదు సామీ."

ఆమె ఏడుస్తోంది, అందరి ముందూ, కొంగు నోట్లో కుక్కుకుని, ఇన్నేళ్ళు పెట్టిన ముద్దలన్నీ వట్టివయిపోయినట్టు. మైకు పట్టుకున్న మనిషి అంకె కోసం నాయన వైపు చూస్తున్నాడు. ఆకుపచ్చ అంచు కదలకుండా ఉంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. స్వామి తక్కెడకు దోషం, ప్రదీప్‌కు ఎగతాళి, అమ్మకు రోగం భయం, ఇవన్నీ వాళ్ళు మోస్తే తనకు ఇరవై కేజీలు తగ్గుతాయి.

"నేను చిక్కలేదమ్మా," అన్నాడు.

తట్టలో నుంచి దిగాడు. దిగడం కూడా చక్కగా రాలేదు, తట్ట ఊగి మోకాలు కొట్టుకుంది, గొలుసుకు చిక్కుకుని ఉత్తరీయం జారిపోయింది, తట్ట కిందనో ఎవరి కాళ్ళ కిందనో. వంగి అచ్చులు పక్కకు తీశాడు. వంగితే పొట్ట మడతలు పడింది, రొమ్ములు వేలాడాయి, వీపు మీద చెమట కారుతోంది, ఇవన్నీ ఇప్పుడు ఆమెకు కనపడుతున్నాయి, ఏ పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో తనకు తెలుసు. ఎర్ర పురికొస కొస పట్టి లాగితే కుట్టంతా సర్రున ఊడింది. లోపలికి చెయ్యి పెట్టి, అచ్చుల కింద తడిమి, బట్టతో సహా రాయిని బయటికి లాగి బండల మీద పెట్టాడు. బట్ట పక్కకు తొలగి ఇనుము కనపడింది, నాయన నిన్న పొద్దున పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా దాని మీద ఉంది.

అందరూ రాయినే చూస్తున్నారు. నవ్వినా బాగుండేది. "నేనే పెట్టినా నాయనా," అన్నాడు. "మైకులో చెబుతారని." అంతకంటే వివరం నోటికి రాలేదు, అవసరం కూడా లేకపోయింది, ఎందుకో అందరికీ అర్థమయింది, అదే అన్నిటికంటే కష్టంగా ఉంది. ప్రదీప్ రాయిని చూశాడు, తనను చూశాడు. నాయన వంగి రాయిని ఎత్తుకుని, ముట్టుకున్న చేతిని అలవాటుగా కళ్ళకద్దుకుని, దూరంగా గోడ పక్కన పెట్టి వచ్చాడు. వచ్చి, "పో, కూర్చో," అన్నాడు. ఆ గొంతులో కోపం ఉందో లేదో తెలియలేదు.

మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ సంచి, మళ్ళీ అచ్చులు. నాయన మొదటి నుంచి లెక్క చెబుతున్నాడు, ఈసారి గొంతు పెంచి, అంగట్లో పెద్ద బేరగాడికి తూచినట్టు. ఇందాక లేచిన చోటికి వచ్చి, దాటి, ఇంకా పోతోంది. పాదాలు బండను గట్టిగా ఆనుకుని ఉన్నాయి, బండ చల్లగా ఉంది. ముఖం కాలిపోతోంది. అమ్మ ఏడుపు ఆపి ఒక్కొక్క అచ్చుకూ తల ఊపుతోంది, ఆమె ముఖంలో వెలుగు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. క్వింటాలు, అన్నాడు నాయన, ఆగకుండా తర్వాతి అచ్చు అందుకున్నాడు. ఆ మాట మండపంలో పడింది, పడి, అక్కడే ఉంది. ఎవరో ఒకరిద్దరు నవ్వారు. తను ముందుగా నవ్వలేదు. ముల్లు నిలువుగా వచ్చి ఆగింది, తట్టలు రెండూ సరితూగాయి, కాలి వేళ్ళు ఇంకా నేలను అంటీ అంటకుండా ఉన్నాయి. సరిపోయింది అని పూజారి మైకు కోసం చెయ్యి చాపాడు.

ఆకుపచ్చ అంచు కదిలింది. ముందుకొచ్చింది. ఇక తప్పదని కళ్ళెత్తాడు. శ్రీవాసవి తన వైపు చూడటం లేదు, బెల్లం గంపలో వెతుకుతోంది, అడుగున పగిలి మిగిలిన చిన్న ముక్క ఒకటి ఏరి పట్టుకుని అమ్మ వైపు తిరిగింది.

"అత్తమ్మా, మా అంగట్లో కొసరు లేకుండా తూకం ముగించరు," అంది.

అప్పుడు చూసింది తనను, చొక్కా లేని తనను, రాయి తీసిన చేతులకు ఇంకా తుప్పు అంటి ఉన్న తనను. చూసి, బెల్లం ముక్కను అన్ని అచ్చుల పైన పెట్టింది. తట్ట మెల్లగా లేచింది. కాళ్ళు నేల విడిచాయి. మైకులో అంకె గుట్ట దిగి ఊళ్ళోకి పోతోంది. గాలిలో కొంచెం ఊగుతూ కూర్చుని, రెండు చేతులతో గొలుసులు పట్టుకున్నాడు. ఉత్తరీయం ఎక్కడ పడిందో చూడలేదు.